పాలకొండల్లో మంచుకొండ పాఠం

1936 డిసెంబరు, కడప పక్కన పాలకొండలు. పొద్దు పొడిచినా పొగమంచు ఇంకా విడలేదు. ఒక బండ అంచు మీద ముసలి ఏసేపయ్యవారు, ఆడపిల్లల బోర్డింగు చూసే రత్నమణి టీచరు, మిషన్ బడి పంతుళ్లిద్దరూ తాడు పట్టుకొని కూర్చున్నారు. ఆ తాడు రెండో కొసన, అంచు కింద, వాళ్లకు చలికాలంలో కొండలెక్కే విద్య నేర్పడానికి వచ్చిన దావీదురాజు వేలాడుతున్నాడు.

"లాగొద్దండీ! ఎవురూ కదలొద్దు! నేను చెప్పిందాకా ఎవురూ ఏమీ చెయ్యొద్దు!"

"ఏమీ చెయ్యకుంటే నువ్వు పడిపోతావు గదా, దావీదురాజూ?"

"నేను పడలేదు, రత్నమణి టీచరుగారూ. మీకు పరీక్ష పెడతాండా."

"పరీక్షా? ఇప్పుడే గదప్పా యేసయ్యా అని అరిస్తివి."

"అది... అది ప్రార్థన. ఏ పరీక్షయినా ప్రార్థనతోనే మొదలుపెట్టాల."

"కండ్లకు ఆ నల్లద్దాలు పెట్టుకోని పొగమంచులో నడిస్తే అంచు యాడ కనపడతాది? వద్దని కిందనే చెప్తి."

"మంచు మీద ఎండ పడితే కండ్లు పోతాయి. అద్దాలు పెట్టుకోవాలని రూలు."

"యాడుండాది మంచు?"

"ఉండాదని అనుకోవాల! ట్రైనింగంటే అదే. ఏసేపయ్యవారూ, ఉండారా?"

"ఉండానప్పా, తాడు పట్టుకోనే ఉండా. నువ్వు తొడిగించిన ఈ కంబళి కోటుకు చెమట కారతాంది. చేతులు జారతాండాయి."

"జారనియ్యొద్దు."

"అట్లనేప్పా."

"దావీదురాజూ, ఉత్తరాదిన చలికాలమంతా నేర్చుకోని వస్తివి గదా. ఆడ లీడరు పడితే ఏం చేస్తారు?"

"ఆడ లీడరు పడడు."

"ఈడ పడె గదా."

"పడలేదంటాండా! అయ్యవారూ, మీ పక్కన నా మంచుగొడ్డలి ఉండాది. దాన్ని మంచులోకి దిగ్గొట్టి, దానికి తాడు చుట్టండి."

"అట్లనే... కొడతాండా... కొట్టినా."

"దిగిందా?"

"బండప్పా ఇది. నిప్పురవ్వలు లేస్తాండాయి."

"ఇంకా గట్టిగా కొట్టండి."

"ఆపు, ఏసేపన్నా. గొడ్డలి తలకాయే ఊడిపాయె, ఇంకేం కొడతావు? మన ఎనకాల రేలచెట్టుండాది. మొద్దు లావుగానే ఉండాది. తాడు కొసను దానికి కట్టేస్తా."

"వద్దు! చెట్టుకు కట్టగూడదు!"

"ఎందుకు?"

"మంచుకొండల మీద చెట్లుండవు. ఈడ చెట్టుకు అలవాటు పడితే రేపు హిమాలయాల మీదికి పోయినప్పుడు ఏం చేస్తారు?"

"నేను కమలాపురం దాటి పోయేదాన్ని గాదు నాయినా. నువ్వొకసారి కిందికి సూడు. ఏం కనపడతాంది?"

"ఏమీ లే."

"నిజం చెప్పు."

"లోయ. కొంచెం... కొంచెం లోతుగా ఉండాది. పొగమంచు సందులోంచి పెద్ద పెద్ద చెట్లు గరిక మాదిరి కనపడతాండాయి."

"కట్టేస్తా."

"టీచరుగారూ! లీడరు మాట దాటినోళ్లకు మార్కులుండవు!"

"అమ్మాయ్, ఆయనే వద్దంటాండాడు. మనం నేర్చుకునేకి వచ్చినోళ్లం. పొద్దున మిషన్ దొర ఏం చెప్పె? దావీదురాజు మాటే నా మాట అనె గదా?"

"దొర కొండ కింద డేరాలో కూర్చోని చెప్పెనన్నా. ఆయన నడుముకేమన్నా తాడుండాదా?"

"ఏంది గుసగుసలు? టీచరుగారు చెట్టుకు కడతాండారా ఏంది?"

"లే లే. చీరకొంగు సర్దుకుంటాండా."

"అట్లయితే సరే. ఇప్పుడు ఈలల పద్ధతి. అయ్యవారూ, చెప్పండి సూద్దాం."

"రెండీలలేస్తే లాగాల. ఒక ఈలేస్తే వదలాల."

"శానా బాగుంది. ఇప్పుడు రెండేస్తా."

"వద్దు దావీదురాజూ, నోటితో చెప్పు. లాగమంటే లాగుతాం."

"మంచుతుఫానులో నోటిమాట ఇనపడదు."

"ఇప్పుడు ఇనపడతాంది గదా!"

"ఇనపడలేదని అనుకోవాల! ఇంగ ఊదుతాండా. పీ...!"

"ఒకటి. రెండోది యాడప్పా?"

"పీ... ఫ్... ఉండండి... దమ్ము చాలడంల్యా..."

"అమ్మాయ్, ఒకటే ఇనపడె. వదలాల్నా?"

"వదలొద్దన్నా!"

"ఒకటికి వదలాలని చెప్పె గదా..."

"అన్నా!"

"అయ్యో! అయ్యో తండ్రీ! చచ్చిపోతి!"

"దావీదురాజూ! ఉండావా? మాట్లాడు!"

"ఉండా... ఉండా. నిలువెత్తు కిందికి జారినా. ఎవురు వదిలింది?"

"నేనేనప్పా. ఒకటే ఇనపడె, వదిలేస్తి."

"మరి తాడు ఎట్ల ఆగింది?"

"రేలచెట్టు పట్టుకునింది. కట్టేసినా."

"అట్ల... అట్ల కట్టమని రూలు లే."

"లేదులే. లాగాల్నా, వద్దా?"

"లాగండి!"

"ముందు నాకొక మాటియ్యి. వచ్చే శనివారం బోర్డింగు పిల్లోళ్లను ఈ కొండెక్కించనని చెప్పు. నా బిడ్డ ఏసుమణి కూడా వాళ్లలో ఉండాది. మిగతా బిడ్డల్ని కూడా వాళ్లమ్మలు నన్ను నమ్మి వదిలి పోయినారు."

"దొరగారికి మాటిచ్చినా గదా. ఫోటో తీసేటోణ్ని కూడా మద్రాసు నుంచి పిలిపిస్తాండాడు."

"ఫోటో కావాలంటే, నువ్వు ఇట్ల ఏలాడేటప్పుడే తీయిద్దాం. దొరను పిల్చకోని రానా?"

"వద్దమ్మా! ఎక్కించను. పిల్లోళ్లను ఎక్కించను."

"ప్రభువు మీద చెప్పు."

"ప్రభువు మీద! లాగండమ్మా, నడుం తెగిపోతాంది!"

"అన్నా, ఈసారి వదలొద్దు. దావీదురాజూ, ఆ అద్దాలు తీసి పారేసి కాళ్లు బండకు ఆనించు. ఎడమపక్క పగులుండాది, దాంట్లో కాలు పెట్టు. లాగన్నా... ఇంకొంచెం... లాగు... చెయ్యియ్యి నాయినా, చెయ్యియ్యి. వచ్చె!"

"అబ్బా... అమ్మా..."

"అరచేతుల తోలంతా లేచిపాయె గదా. నీళ్లు తాగుతావా?"

"కొండెక్కేటప్పుడు నీళ్లు తాగగూడదు. ఇయ్యండి."

"మెల్లగా తాగు. పొలమారతాది."

"సరే. పరీక్ష అయిపాయె."

"ఇంకా పరీక్షేనా?"

"టీచరుగారూ, మీరు తప్పినారు. చెట్టుకు తాడు కట్టినారు, కట్టల్యా అని అబద్ధం చెప్పినారు, లీడరును బెదిరించినారు. శనివారం మీరు కొండకు రావద్దు."

"శనివారం ఇంకెక్కడిది? ప్రభువు మీద చెప్తివి గదా!"

"తాడు మీద ఏలాడేటోని మాట చెల్లదు. పిల్లోళ్లయితే తేలిగ్గా ఉంటారు. మీ మాదిరి ఎదురు మాట్లాడరు, చెప్పింది చేస్తారు."

"ఏసేపన్నా, ఇంటాండావా ఈ మాటలు?"

"ఇంటాండా."

"అయ్యవారే పాసయినారు. చెయ్యమన్నది చేసిరి, వద్దన్నది చెయ్యల్యా. ఇట్లాంటోళ్లే కావాల నాకు. అయ్యవారూ, శనివారం పిల్లోళ్ల తాడు మీ చేతికే ఇస్తా."

"నా చేతికా?"

"మీ చేతికే."

"నేను నిన్ను వదిలేస్తి గదప్పా."

"ఈల ప్రకారమే వదిలినారు. మీ తప్పేం లే."

"పసిబిడ్డలు గదా. భయానికి ఊదేది చేతగాకపోతే?"

"నేను నేర్పిస్తా."

"నేర్పిస్తావు. ఒకటి ఊది, రెండోదానికి దమ్ము చాలకపోతే?"

"రూలు ఉండనే ఉండాది గదా."

"వదలాల."

"అదే! శబాష్! ఇంగ దిగుదాం, దొరగారు ఎదురు సూస్తాంటాడు. ట్రైనింగు శానా బాగా జరిగిందని చెప్పాల. ఈ నడుం కాడ ముడి బిగుసుకపోయినాది, నా చేతులతో అయ్యేట్టు లే. అయ్యవారూ, కొంచెం ఇప్పండి."

"అన్నా, ఏందట్ల నిలబడితివి?"

"అయ్యవారూ, మిమ్మల్నే. ముడి ఇప్పండి."

"ఇప్పనప్పా. నువ్వు ఈ చెట్టుకు ఇట్లనే ఉండు, నేను పోయి దొరను పిల్చకోని వస్తా. అమ్మాయ్, అడిగినప్పుడల్లా ఈనికి నీళ్లు పొయ్యి గానీ, ఆ ముడి ముట్టుకోవద్దు."