ఒళ్ళు వంగదన్నారు

"అమ్మమ్మా, అమ్మ డాన్సు ఎందుకు మానేసింది?"

మానేసిందా? ఎవరు చెప్పారే నీకు మానేసిందని? మాన్పించారు. కూర్చో చెబుతా. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నా మాట నాకే వినపడట్లా.

అప్పుడు మీ అమ్మ ఇంటరు. మంగళగిరి నించి బెజవాడకి బస్సులో పోయి ఒక మాస్టారి దగ్గర నేర్చుకునేది. మీ తాతయ్య దానికని నూలూ పట్టూ కలిపి మన మగ్గం మీదే డాన్సు బట్ట నేశాడు, మెత్తగా ఒంటికి అంటిపెట్టుకుని ఉండేది. డాన్సు డ్రెస్సుకి నిలబెట్టి కొలతలు తీయకూడదు, తెలుసుగా? మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చుంటారే, అరమండి, అట్లా ఉంచి తీయాలి. ఉయ్యూరులో మా ఆడపడుచు అట్లాగే కుట్టిపెట్టింది. ఆవిడ నోరు మంచిది కాదుగానీ చెయ్యి మంచిది. ఎక్కడున్నాను? ఆఁ, డ్రెస్సు.

ఒకసారి అక్కడి నాట్యసభ వాళ్ళు పెద్ద బ్యాలే పెట్టారు. అందులో మీ అమ్మ ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడాలి. ఖర్చంతా ఒక బట్టల కొట్టాయనది. అందరికీ ఒకే రకం కుట్టించాడు, తళతళా మెరుస్తా అట్టలాగా బిగుసుకుపోయిన గుడ్డ. టైలరుకేం తెలుసు, పిల్లల్ని నిలబెట్టి తీసుకున్నాడు కొలతలు. ప్రోగ్రాం రోజున గానీ చేతికివ్వలా. "మోకాళ్ళ దగ్గర పట్టేస్తోంది మాస్టారూ, మా నాన్న నేసింది వేసుకుంటానండీ" అని బతిమాలుకుంది పిల్ల. "వీడియో తీస్తున్నారమ్మా, ఒక్కదానివి వేరేగా ఉంటే ఏం బాగుంటుంది, సర్దుకో" అన్నాడా పెద్దమనిషి. ఆయనకి తెలీదా? తల నెరిసేదాకా గజ్జె కట్టినవాడు. తెలుసు. కొట్టాయన ముందు వరసలో కూర్చునున్నాడుగా, నోరు పెగల్లా.

సగం కూడా కూర్చోలేకపోయింది. పళ్ళెం ఎక్కేసరికి ముందరి కుచ్చిళ్ళు దానికింద ఇరుక్కుని, తూలి పడింది. హాల్లో నవ్వారు. సరే, పడితే పడింది. లోపలికి రాగానే ఆ మాస్టారు అందరి ముందూ ఏమన్నాడనుకున్నావ్? "నీకు ఒళ్ళు వంగదమ్మా, ఈసారి ఇంకో అమ్మాయిని చూసుకుంటా" అన్నాడు. బట్ట మాటే ఎత్తలా. వాడి నోరు పడిపోను. నేను కడిగేద్దామని లేస్తే మీ తాతయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు, గురువుగారు గదే అని. గురువంట, గురువు.

మర్నాడు పొద్దున, మగ్గం గదిలో, వాళ్ళ నాన్న నేసిన డ్రెస్సు కట్టుకుని, పళ్ళెం కింద పెట్టుకుని, అదంతా మొదట్నించీ ఆడింది మీ అమ్మ. ఎంత కిందికి కూర్చుందనుకున్నావ్, తొణకలా, బెణకలా. మీ తాతయ్య నేత ఆపి చూస్తా ఉండిపోయాడు.

"వంగింది గదే" అన్నా నేను.

"ఇంట్లో వంగితే ఎవరు చూస్తారమ్మా" అని గజ్జెలు విప్పేసింది. మళ్ళీ కట్టలా.

పో, పోయి అన్నం తిను. నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ. నిన్నెవడన్నా ఒక్క మాటంటే నాకొచ్చి చెప్పు. నేనింకా బతికే ఉన్నా.