చీర మీద నూరు వడియాలు

పోతిరెడ్డిపల్లి తనుశ్రీ వేద గణితం చిట్కాతో తొమ్మిదెనిమిదులు డెబ్బై రెండని సరిగ్గానే రాసింది. అయినా లెక్కల టీచరు సున్నా పెట్టింది. మర్నాడు ఇంటర్వెల్‌లో తనుశ్రీ ఆమె బల్ల ముందు నిలబడింది.

“జవాబు తప్పా, టీచర్?”

“కరెక్టే. పదికి తొమ్మిది ఒకటి తక్కువ, ఎనిమిది రెండు తక్కువ. పదిల ఆ మూడు పోతే ఏడు పదులు, డెబ్బై. ఆ ఒకటిని, రెండును గుణించి దానికి కలిపినవ్. ఎందుకు కలపాలెనో రాయమన్న గద?”

“నిన్న దొరికింది, టీచర్! మా నాయినమ్మ డాబా మీద చీర పరిచి వడియాలు పెట్టింది. వరుసకు పది, పది వరుసలు. నేనొక అడ్డం వరుస తీసిన.”

“తీసి?”

“తిన్న. సగం ఎండినయి మస్తుంటయ్.”

టీచరు నవ్వు ఆపుకోవడం తనుశ్రీకి కనిపించింది.

“తర్వాత రెండు నిలువు వరుసలు తీసిన. పది, ఇరవై కలిపి ముప్పై పోతే డెబ్బై మిగలాలె గద? తొమ్మిది వరుసలు, వరుసకు ఎనిమిది, డెబ్బై రెండున్నయ్!”

“అదెట్ల?”

“నిలువు వరుసలల్ల రెండు ముందే తిన్న గద! లేనియి మళ్ల ఎట్ల తీస్త? గందుకే ఆ రెండు కలపాలె.”

టీచరు సున్నా కొట్టేసి పది వేసింది.

“పదకొండేండ్ల సంది ఈ చిట్కా చెప్తున్న. ఎందుకో నాకూ ఇయ్యాలనే తెలిసింది.”

“మరి నాకెందుకు సున్నా పెట్టిన్రు?”

“నాకు తెల్వదు గాబట్టే. కోపంతోనన్న ఎవరో ఒకరు కనిపెడ్తరని అందరికీ పెట్టిన.”