మార్టూరు రాయి

బ్రాడీపేటలో మేడ మీది చిన్న ల్యాబ్. ఇంకాసేపట్లో రాకెట్ లేస్తుంది, దాని ముక్కులో తను కట్టిన, నక్షత్రాల ఎక్స్‌రే కిరణాలు లెక్కపెట్టే పెట్టె ఉంది, తేజశ్రీకి కాలు నేల మీద నిలవడం లేదు.

"ఏరా మార్క్, ఇప్పుడా రావడం? లైవ్ మొదలైంది! మీ నాన్న దగ్గు తగ్గిందా?"

"ముందు ఇది విను."

"ఏంటి?"

"మన రెండో డిటెక్టర్, పైకెళ్లే పెట్టెకి జోడీది. టిక్కులు విను."

"ఎక్కడ్రా? ఒకటీ అరా... చెడిపోయిందా?"

"చెడలేదు. కిందుండే ఈ రాతిపలక మీంచి తీసి చెక్క స్టూలు మీద పెట్టా."

"ఎందుకు తీశావ్?"

"మళ్లీ రాయి మీద పెడతా, విను."

"టికటికటిక... ఒరేయ్. ఒరేయ్! రాయా?"

"మా మార్టూరు గ్రానైట్. దాన్లోంచే వస్తున్నాయి కిరణాలు."

"మూడేళ్లుగా అది ఆకాశం గోల అనుకున్నాం కదరా!"

"అనుకుని, అంతకంటే బలమైనదొస్తేనే లెక్కపెట్టమని పెట్టెకి నేర్పాం."

"మనం చూడాలనుకున్న నక్షత్రం నుంచొచ్చేవి అంతకంటే బలహీనం."

"ఊఁ."

"అయితే? పైకెళ్లి ఏం చూస్తుంది?"

"ఏం చూడదు తేజా. పైన ఉండే ఆ ఐదు నిమిషాలూ సున్నా."

"రాకెట్ దగ్గరున్న శ్రీకృష్ణ సార్‌కి ఫోన్ కొట్టు!"

"గేటు దగ్గరే ఫోన్లు లాక్కుంటారు. దొరికినా, సీలేసిన పెట్టె ఎవడు విప్పుతాడు?"

"పోనీ ఇంకో రాకెట్..."

"మనకెవరిస్తారు?"

"ఒక్కళ్లకీ తట్టలేదేంట్రా!"

"మాకు గడపా రాయే, వంటగట్టూ రాయే. మీ ఇంట్లో మాత్రం? రాయిని ఎవరు అనుమానిస్తారు?"

"మీ నాన్నే కదా మోసుకొచ్చింది! 'అమ్మాయ్, నా చేత్తో పాలిష్ పెట్టా, లారీ గుద్దినా నీ పెట్టె కదల్దు' అని..."

"ఆయన్నేం అనకు."

"అనకేం చెయ్యను? అదిగో, లేచింది! ఎంత నిటారుగా... ఆపెయ్ రా. ఆపెయ్, చూడలేను."

"ఆపేశా."

"అసలు ఇవాళే ఎందుకు కదిపావ్? తెలీకపోతే ఈ ఐదు నిమిషాలన్నా సంతోషంగా చూసేదాన్ని!"

"నీళ్లు తాగు."

"నీళ్లొద్దు, సుత్తేది? ముక్కలు చేస్తా దీన్ని. జరుగు!"

"వద్దు తేజా."

"జరగరా!"

"కింద ఆటో ఆగుంది. ఈ రాయి మీద నాన్న పేరు చెక్కించాలి. నిన్నటి తేదీ కూడా."