రైలొద్దు, వంతెన కావాలి

నాగపూర్ నడిబొడ్డున బొమ్మ రైళ్లు, విమానాలు అమ్మే పెద్ద దుకాణం కొత్తగా తెరిచారు. ప్రాణహిత నది మీద సిరొంచ రేవులో పడవ నడిపే తాత, నగరంలో చదువుకుంటున్న మనవరాలు అక్కడొక బల్ల ముందు నిలబడ్డారు. బల్ల మీద జానెడు రైలొకటి వంతెనెక్కి బుల్లి నదిని దాటుతోంది.

“అగో, మళ్ల అచ్చింది చూడు!”

“ఎంతసేపు చూస్తవ్ తాతా? నీకా రైలు కొనిస్త, పా.”

“రైలొద్దు బిడ్డా, వంతెన ఇయ్యమను.”

“రైలు లేని వంతెనేం జేసుకుంటవ్?”

“మన ప్రాణహిత మీద గిసొంటిదే కట్టాలె. తీస్కపోయి రేవుల అందరికి చూపెడత!”

“వంతెన కడితె నీ పడవ ఎవలెక్కుతరు?”

“ఎవలెక్కకున్న మంచిదే! బతుకంత అందర్ని నేనే దాటిచ్చిన. ఒక్కసారన్న తెడ్డు పట్టకుంట, చేతులూపుకుంట నేను దాటద్దా?”