గోడ మీద నాలుగో లైను

హలో… ఆ, నేనే. ఉదయలక్ష్మినే మాట్లాడేది…

చెప్పండి చక్రధర్ సార్. …పర్వాలేదు, ఆదివారమే గదా. నగరిలో మా ఇంట్లోనే ఉండా…

ట్రైనింగ్ సంగతేనా? …చూసినా సార్, మీ తిరుపతి ఇన్‌స్టిట్యూట్ కాగితాలన్నీ చూసినా. రేణిగుంటలో మా ఫ్యాక్టరీ ఆపరేటర్లకి ఇంగ్లీషు నేర్పించాల. ఎవురు నేర్పేదీ తేల్చేది నేనే, నిజమే…

మేడం అనొద్దు సార్. …అంటానంటారా? సరే, ఇంగోసారి గట్టిగా అనండి. లైను సరిగ్గా లేదు…

ఆ. ఇప్పుడు బాగా వినిపించినాది.

ఒక మాట అడుగుతా. మీ క్లాసులో తప్పుల గోడ ఒకటి ఉండాది గదా? …అదే, పిల్లోళ్ళు తప్పు మాట్లాడితే ఆ మాట ఇంగ్లీషులో, పక్కన పేరూ ఊరూ తెలుగులో పెయింటుతో రాయిస్తారే… సిగ్గుపడితే నేర్చుకుంటారా? ఊ…

ఇప్పుడు యాడుండారు? …క్లాసులోనేనా, మంచిది. లేచి ఆ గోడ కాడికి పోండి. …పోండి సార్, పనుండాది…

పైనించి నాలుగో లైను చదవండి.

…'మై ఫాదర్ ఈజ్ వర్కింగ్ ఇన్ లూమ్ సిన్స్ థర్టీ ఇయర్స్.' ఆ, అదే. తప్పేముండాది దాన్లో? మాస్టరు గదా, చెప్పండి…

అవు… సిన్స్ అంటే మొదలైన చోటు చెప్పాల. ఫలానా ఏడు నించి, ఫలానా దినం నించి. ఎంతకాలమో చెప్పాలంటే ఫర్. ముప్పై ఏండ్లకి ఫర్ థర్టీ ఇయర్స్. ఈజ్ వర్కింగ్ గూడా కాదు, హ్యాజ్ బీన్ వర్కింగ్… నాకెట్ల తెలుసునా? తొమ్మిదేండ్ల కిందట మీరే చెప్పినారు. క్లాసంతా నవ్వతా ఉంటే నిలబెట్టి చెప్పినారు.

ఇప్పుడు పక్కనుండే పేరు చదవండి.

…

తెలుగే గదా సార్, చదవండి.

…అవు. నగరి ఉదయలక్ష్మి.

…గుర్తు పట్టకపోతే ఏంలే. ఆ గాయం మానిపోయినాది. ఆ కసితోనే నేర్చుకున్నా, అదీ నిజమే. నా కడుపు మండేది దానికి గాదు.

నిన్న సాయంత్రం నాలుగ్గంటలకి మీ కాడికి ఒక పెద్దాయన వచ్చినాడు గదా? …పంచె, భుజాన ఎర్ర తువ్వాల… ఆ, చెప్పులు బయటే ఇడిసి లోపలికొచ్చినాడు. ఆయనే.

మా నాయన. గంగులప్ప. మరమగ్గం పని.

ఇంగ్లీషు రాదు సార్ ఆయనకి. గోడ మీద బిడ్డ పేరు కనపడితే, బాగా చదివినోళ్ళ పేర్లనుకున్నాడు. తిరుపతికి ఎప్పుడొచ్చినా బస్టాండు నించి నేరుగా మీ కాడికొచ్చి, ఆ పేరు చూసుకొని పోయేవాడు. నేను నిజం చెప్పలా. చెప్పేదానికి మనసు రాలా. నిన్న పక్కింటి మురుగేష్ మామకు గూడా చూపిద్దామని పిలుచుకొని వచ్చినాడు.

మీరేం జేసినారు? నేను చెప్తా. నవ్వినారు. 'నీ కూతురు నీ గురించే తప్పు వాగిందయ్యా' అని, పిల్లోళ్ళందరికీ వినపడేట్టు చదివి వివరించినారు… తమాషాకా? ఊ. మురుగేష్ మామ అంతా చెప్పినాడు.

నిన్న నాలుగ్గంటల నించి మా నాయన నోరు తెరవలా. అన్నం ముట్టలా. దీనికి సిన్స్ పెట్టాల్నా, ఫర్ పెట్టాల్నా?

…

సారీ నాకెందుకు? నగరికి రండి. మగ్గాల షెడ్డులో పదిమంది ముందర ఆయనకి చెప్పండి. …రేపేనా? …కాళ్ళు పట్టుకుంటారా? అంత నేనడగలా… గోడకి సున్నం గూడా కొట్టిస్తారా. ఎంత మంచోళ్ళు సార్ మీరు…

ట్రైనింగా? అది మీకు రాదు. పొద్దున్నే వేరే వాళ్ళకి ఖాయం చేసి మెయిల్ పెట్టేసినా… ట్రైనింగ్ వస్తాదని ముందే హాలు బాడుగకి తీసుకున్నారా? తీసుకోండి. …అవు, పగే. దాచేదేముండాది?

ఇప్పుడు చెప్పండి. ట్రైనింగ్ లేదు, ఏమీ లేదు. రేపు నగరికి వస్తారా?

…

సార్?

…

మొదట్నించీ ఈ ఫోను స్పీకర్లో ఉండాది. మా నాయన నా పక్కనే కూసోనుండాడు. మీరు నన్ను మేడం అన్నదీ విన్నాడు, కాళ్ళు పట్టుకుంటానన్నదీ విన్నాడు. ఇప్పుడు మీకు మాట రాకపోయేదీ వింటా ఉండాడు.

…హలో? …హలో?

పెట్టేసినాడు.

విన్నావా నాయనా? ఆయప్పకి నోట మాట పడిపోయినాది. ఇంగ నువ్వు లేచి నాలుగు ముద్దలు తిను…

ఏంది? …ఏమంటివి?

…సున్నం కొట్టొద్దని చెప్పాల్నా? ఎందుకు నాయనా, అది తప్పుల గోడని తెలిసినాక గూడా…

…అవు. ఆ లైన్లో నువ్వు గూడా ఉండావు. ముప్పై ఏండ్లు మగ్గం నేసినావనే రాసుండాది. …నీ కష్టం ఇంగ యాడా రాసిలేదు, అవు…

సరే. ఏడవొద్దు నాయనా. ఉండు, మళ్ళా చేస్తా.

…

…

హలో… సార్, నేనే. పెట్టేయొద్దండి.