ముప్పై ఎనిమిది కిలోమీటర్ల బండి

"సీట్ల మీది ప్లాస్టిక్ తీసేశావా? డెల్విన్, ప్లాస్టిక్ తీసేశావా?"

"తీసి చెత్తబుట్టలో పారేశాను. కాలు లోపల పెట్టు నాన్నా, తలుపు వెయ్యాలి."

"అది ఫ్యాక్టరీలో వేసిన ప్లాస్టిక్. అది ఉంటేనే..."

"అది ఉంటేనే విలువ. ఏడేళ్ళుగా వింటున్నాను. కాలు."

గాలర్ ఊళ్ళో వృద్ధాశ్రమం గేటు ముందు, సెప్టెంబరు నెల ఆదివారం ఉదయం జరిగిన మాటలివి. లెస్టర్ నోస్కే ముప్పై ఒక్క ఏళ్ళు కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించినవాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడేముందు తయారైన ఆఖరి ఎనిమిది సిలిండర్ల బండ్లలో ఒక పసుపుపచ్చని దాన్ని కొని, ఇంటి వెనక షెడ్డులో దుప్పటి కప్పి దాచాడు. మీటరు ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దగ్గరే ఉండిపోయింది. నిరుడు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయాక కూతురు డెల్విన్ అతన్ని ఈ ఆశ్రమంలో చేర్చింది. ఈ రోజు ఆ దుప్పటి లాగేసి, ఆ బండిలోనే తండ్రిని షికారు తిప్పడానికి వచ్చింది. ప్రేమ కొద్దీ రాలేదని ఇద్దరికీ తెలుసు.

"మీటరెంత చూపిస్తోంది?"

"నూట నాలుగు. ఇంటి నుంచి ఇక్కడికి అరవై ఆరు కదా."

"నన్ను చంపడానికి వచ్చావు."

"చంపను. తిప్పుతాను."

"అయితే వెనక వీధుల్లో ఒక్క చుట్టు తిప్పి దింపెయ్. హైవే మాత్రం ఎక్కకు."

"హైవేనే ఎక్కుతున్నాను."

"పోనీ ఉత్తరానికి పోకు. టార్లీ దాటాక రోడ్డు ఖాళీగా ఉంటుంది, నీ కాలు ఆగదు."

"ఉత్తరానికే పోతున్నాను. ఇంకేం చెయ్యకూడదో చెప్పు, రాసుకుంటాను."

"నీకు అర్థం కాదులే. నీకే కాదు, మీ అమ్మకీ అర్థం కాలేదు. ఇలాంటి బండి ఇక ఎవడూ చెయ్యడు. ఈ కరెంటు బండ్లున్నాయే, దీనికంటే వేగంగానే పోతాయి, కాదనను. కానీ ముప్పై ఏళ్ళ తర్వాత వాటినెవడు దాచుకుంటాడు? ఫ్రిజ్జు దాచుకుంటాడా ఎవడైనా?"

"మొదలెట్టావా."

"జపాను టర్బో కార్లయితే దాచుకోదగ్గవే. కుర్రాళ్ళు ఒక్కదాన్నీ సవ్యంగా బతకనివ్వలేదు. జర్మనువాళ్ళవి అందంగానే ఉంటాయి, లోపలి కంప్యూటరు చచ్చిందంటే సామాను దొరకదు. మిగిలేది ఇలాంటిదే. తక్కువ చేశారు, చేత్తో వేసే గేర్లు, ఆఖరి సంవత్సరం. అన్నిటికీ మించి, ఎవరూ నడపనిది."

"నువ్వూ నడపలేదుగా."

"నేనెందుకు నడుపుతాను?"

"అదే అడుగుతున్నా. ఎందుకు కొన్నావు మరి?"

"తలుపులు నేను బిగించినవి."

టార్లీలో డెల్విన్ బండి ఆపి, లోపల మాంసం కూరి కాల్చిన వేడి వేడి పైలు రెండు కొని తెచ్చింది. బండిలో వద్దన్నాడు లెస్టర్. సాస్ అసలే వద్దన్నాడు, మరక పడితే జన్మలో పోదన్నాడు. ఆమె రెండింటి మీదా సాస్ ధారగా పోసి, ఒకటి అతని ఎడమచేతిలో పెట్టింది. మిగిలిన ఒక్క చేత్తో అతను తిండి పట్టుకోవాలా, సీటు కాపాడుకోవాలా తేల్చుకోలేక తికమక పడుతుంటే కళ్ళారా చూసింది. బండి కదలగానే ఎర్రని చుక్క అతని తొడ దాటి సీటు కుట్టు మీద పడింది.

"పడింది. చూశావా, పడింది."

"నీ చేతిలోంచే పడింది."

"తుడువు డెల్విన్."

"ఆసుపత్రిలో అమ్మ బట్టలు నా చేతికిచ్చినప్పుడు వాటి మీదా మరకలున్నాయి. అవెవరు తుడిచారు?"

"అద్దం దించకు. దుమ్మొస్తుంది."

"మాట మార్చకు."

"మార్చడం లేదు. నాలుగద్దాలూ దించావంటే గాలి ఈడ్చి కొడుతుంది, పైకప్పు గుడ్డ వదులవుతుంది."

"ఇదిగో, నాలుగూ దించాను."

"వేగం నూట పది దాటనివ్వకు."

"దాటింది."

"ముందు ఎత్తు ఉంది. అక్కడ మాత్రం మూడో గేరులో వేసి తొక్కకు. ఇంజను అరుస్తుంది."

"మూడో గేరే కదా?"

"వద్దంటున్నాను."

"ఏంటి? వినపడలేదు. ఇంజను అరుస్తోంది."

ఎత్తు పైకెక్కేసరికి లెస్టర్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. బతికున్న చేత్తో తలుపు పిడి బిగించి పట్టుకున్నాడు. చెంపల మీద తడి. డెల్విన్ అది చూసింది. ఆర్నెల్లుగా ఆమె కోరుకున్నది ఆ తడే. చూశాక మనసు కుదుటపడుతుందనుకుంది, పడలేదు. ఇంకా కావాలనిపించింది.

"ఏడుస్తున్నావా నాన్నా?"

"గాలి."

"ఏడువు. తప్పులేదు. శాడిల్‌వర్త్ వచ్చాం. మన మలుపు."

"ముందుకు పోనీ."

"ఇదిగో, ఆపాను. ఇక్కణ్ణించి ఇల్లు కనిపిస్తుంది. షెడ్డు కూడా."

"నేను చూశాను ఆ షెడ్డు. పోనీ."

"నిరుడు ఫిబ్రవరిలో, అమ్మ పోయిన రోజు, నడివేసవి మధ్యాహ్నం. నలభై నాలుగు డిగ్రీల ఎండ. అమ్మకి గుండెల్లో నొప్పి. రోజూ నడిపే యూట్ ట్రక్కు మెకానిక్ దగ్గరుంది. అంబులెన్సు ఇంకెక్కడో ప్రమాదానికి పోయింది. ఆసుపత్రి ఇరవై రెండు కిలోమీటర్లు."

"మీ అమ్మని కదిలించొద్దన్నారు."

"ఎవరు?"

"అంబులెన్సు ఫోన్లో ఆవిడ."

"ఆవిడ అనలేదు. ఆ ఫోను రికార్డు తెప్పించుకున్నాను నాన్నా. అర్జీ మీద అర్జీ పెట్టి తెప్పించుకున్నాను. మార్చిలో వచ్చింది."

"ఎందుకు తెప్పించుకున్నావు?"

"వినడానికి. ఆవిడ నిన్నో మాట అడిగింది. ఏమడిగిందో చెప్పు."

"నాకు పక్షవాతం వచ్చింది డెల్విన్. కొన్ని గుర్తుండవు."

"టర్బోలు గుర్తున్నాయి. ఏ ఏడాది ఏ రంగు బండి ఎన్ని చేశారో గుర్తుంది. ఆవిడేమడిగింది?"

"బండి ఉందా అంది."

"నువ్వేమన్నావు?"

"పోనీ, బండి పోనీ."

"ఏమన్నావు నాన్నా?"

"లేదన్నాను."

"నీ వెనకాల్నుంచి అమ్మ గొంతు వినిపిస్తోంది అందులో. 'షెడ్డులో ఉందిగా లెస్' అంటోంది. కోపంగా కూడా అనలేదు. నువ్వు మర్చిపోయావేమో, గుర్తు చేద్దామన్నట్టు అంది."

గొర్రెలు నింపుకున్న లారీ ఒకటి పక్కనుంచి పోయింది, బండి ఊగింది.

"నాకది బండి అనిపించలేదు."

"ఏంటీ?"

"ఆవిడ బండి ఉందా అంటే, లేదనే అనిపించింది. అబద్ధమాడాలని కాదు. షెడ్డులోది ఎక్కి తిరిగే బండని నాకు తోచలేదు."

"నలభై ఏడేళ్ళు కాపురం చేసిన మనిషి, మనిషని తోచిందా?"

"తోచింది."

"ఎప్పుడు?"

"తర్వాత."

డెల్విన్ బండిని మళ్ళీ రోడ్డెక్కించింది. ఇక మాటలతో చేసేది లేదనుకుంది. బర్రాకి పది కిలోమీటర్లుందనగా ఎడమపక్కన కంకరదారి కనిపించింది. దాన్లోకి పోవద్దని, రాళ్ళు ఎగిరి కింద రంగంతా లేచిపోతుందని లెస్టర్ బతిమాలాడు. కొండ వెనక నుంచి చుట్టు తిరిగొచ్చే దారి అది, ఒకసారి దిగితే మధ్యలో తిప్పుకోవడానికి చోటుండదని కూడా చెప్పాడు. ఆమె దిగింది. రాళ్ళు బండి అడుగున వడగళ్ళలా మోగాయి. రెండు పక్కలా పచ్చటి గోధుమ, దాని వెనక పసుపుపచ్చని పూల చేలు. గులాబి రంగు చిలకల గుంపొకటి కరెంటు తీగల మీంచి ఒక్కసారిగా లేచింది. కొండ చుట్టు తిరిగి మళ్ళీ తారురోడ్డు తగిలేదాకా డెల్విన్ వేగం తగ్గించలేదు. అక్కడ పక్కకి తీసి ఇంజను ఆపింది.

"మీటరు చెప్పనా?"

"వద్దు."

"రెండు వందల ముప్పై ఒకటి. సీటు మీద సాసు, అడుగున సొట్టలు. నీ బండి ఇక మామూలు బండి నాన్నా."

"ఇంటికి తీసుకుపో."

"తీసుకుపోను. బర్రాలో రాయిస్ అనే అతనున్నాడు, గొర్రెలకి బొచ్చు కత్తిరిస్తాడు. బండి అతనికి ఇచ్చేస్తున్నాను. సంతకం హక్కు నాకు రాసిచ్చావుగా."

"ఆశ్రమానికి నన్నెవరు తీసుకెళ్తారు?"

"వ్యాను పిలిచాను. రాయిస్‌కి రెండు కుక్కలున్నాయి. వెనక సీటు వాటికి సరిపోతుందా అని అడిగాడు. బ్రహ్మాండంగా సరిపోతుందన్నాను."

"ఎంతకి?"

"అడుగుతావని తెలుసు. ఊరికే ఇస్తున్నాను. నువ్వు పోయాక వేలంలో ఎవడో చొక్కా మడతలు నలగనివాడు కొనుక్కుని మళ్ళీ దుప్పటి కప్పుతాడు. అది జరగనివ్వను. గొర్రెపెంటతో, కుక్క బొచ్చుతో అరిగి అరిగి చావాలి ఇది."

"అంటే మనిద్దరం ఇందులో ఎక్కడం ఇదే ఆఖరు."

"ఇదే ఆఖరు. నేను నీ దగ్గరికి రావడం కూడా. నీ మొహం చూద్దామని వచ్చాను, చూశాను. ఎత్తెక్కేటప్పుడు ఏడ్చావు, కంకరలో ఏడ్చావు. అమ్మ కోసం చుక్క కార్చనివాడివి, దీని కోసం దారి పొడుగునా ఏడ్చావు."

"అవును."

"సిగ్గులేదా?"

"లేదు. రాయిస్‌కి చెప్పు, రెండో గేరు పడేటప్పుడు కొంచెం బిగుతుగా ఉంది, వాడగా వాడగా సర్దుకుంటుంది."

"ఇంత జరిగాక కూడా గేరు గురించేనా? నాన్నా, ఈ ఉదయం నుంచి నీ ప్రాణం తీస్తున్నాను నేను, తెలుస్తోందా నీకు?"

"నువ్వేడవకు డెల్విన్. బాగా నడిపావు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ తలుపులు బిగించాను, ఒక్కసారి కూడా లోపల కూర్చుని ఎత్తెక్కలేదు. గేటు దగ్గరే వద్దు వద్దనకుండా 'హాయిగా ఉందమ్మా, ఉత్తరానికి పోనీ' అని ఉంటే, అక్కడే దింపేసి పోయేదానివి కాదూ?"