ఆగండి సారు ఆపిన డీజిల్

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది ఆగస్టు పదకొండవ తేదీన, ఎడతెగని వానలో నియామకపత్రాన్ని చొక్కా కింద దాచుకుని ఈ చమురుశుద్ధి కర్మాగారపు ప్రయోగశాలలో అడుగుపెట్టిన ప్రధాన రసాయన శాస్త్రవేత్త గారు ఈ సాయంత్రం పదవీ విరమణ చేస్తున్నారు. ఎవరు ఏ ఫలితం చూపినా "ఆగండి, ఇంకోసారి చూద్దాం" అనడం వారి అలవాటు కనుక, "ఆగండి సారు" అనే బిరుదును సహోద్యోగులు సభ పెట్టకుండానే ప్రదానం చేశారు.

డీజిల్‌లోని గంధకాన్ని తొలగించడం వారికి ఉద్యోగం మాత్రమే కాదు. తల్లి లేని ఈ తమ్ముణ్ణి పెంచి చదివించిన అక్కగారు బస్టాండులో టికెట్ల గుమాస్తా. బస్సుల డీజిల్ పొగ మింగీ మింగీ ఆమె ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఉత్ప్రేరకపు గుళికల్లో లోహాల పాళ్ళు మారుస్తూ, ఓటమి మీద ఓటమి చవిచూస్తూ, చివరికి మొండి గంధకాన్ని సైతం వారు లొంగదీశారు.

తీరా విడుదలకు అంతా సిద్ధమయ్యాక, పరీక్షకు పెట్టిన ఇంజిన్లలో పంపులు అరిగి కనిపించాయి. గంధకంతో పాటు డీజిల్‌కు సహజంగా ఉండే జారుడుగుణం కూడా పోయింది. తేదీ ప్రకటించేసిన పైఅధికారులు సర్దుకుపొమ్మన్నారు. విడుదల పత్రం మీద సంతకం పెడితే పొగ తగ్గి అక్కకు కాస్త ఊపిరి ఆడుతుంది, పెట్టకపోతే ఎంత ఆలస్యమో తెలియదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ సాయంత్రం అక్క మంచం పక్కన కూర్చుని వారు సంగతంతా చెప్పుకున్నారు. దగ్గు తెరిపి ఇచ్చాక ఆమె అన్నారట:

"నా కోసం పెడతావా సంతకం? కొండెక్కే బస్సు మధ్యలో ఆగిపోతే, అందులో వాళ్ళు ఎవరికీ అక్కలు కారా? ఆగమని చెప్పు."

వారు ఆగమన్నారు. జారుడుగుణాన్ని తిరిగి తెచ్చే రసాయన మిశ్రమం కుదిరేసరికి ఏడాది దాటింది. అక్కగారు మాత్రం ఆగలేకపోయారు.

కొత్త డీజిల్‌తో తొలి బస్సు కదిలిన రోజు, పొగగొట్టానికి పట్టిన రుమాలు ఇంచుమించు తెల్లగానే మిగిలితే అందరూ చప్పట్లు కొట్టారు. వారు కొట్టలేదు. నాటి నుంచి నేటి వరకు ఇంటికి వెళ్తూ టికెట్ల కిటికీ దగ్గర నిలబడి, "దగ్గేమైనా వస్తోందా అమ్మా?" అని అక్కడి గుమాస్తాను అడుగుతూనే ఉన్నారు. ఆమె వారిని డాక్టరనుకుంటోంది.

ఘనకార్యం సాధించిన వ్యక్తి వీడ్కోలు ఇంత దిగులుగా ఉండకూడదు. కానీ ఆ దిగులును కప్పిపుచ్చితే ఈ అభినందన అబద్ధమవుతుంది. వారు సంపూర్ణ ఆయురారోగ్యాలతో, అక్కగారికి అందకుండా పోయిన ఊపిరిని కూడా తమ వాటాలో కలుపుకుని, చిరకాలం జీవించాలని మనసారా కోరుకుంటున్నాం. ఈ ఒక్క మాటకు మాత్రం వారు ఆగమనకూడదు.